పదియు రెండు పట్టు పానా: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సంస్కృత కావ్యాలకు టీకలు రాసి పెట్టిన మల్లినాథసూరిది మన మెదకు సీమలోని కొలిచెలమ. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందుగానే మాటిచ్చాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికే కట్టుబడుతున్నాడు. రెండో సగానికి కూడా కట్టుబడితే ఈ వ్యాసం మొదలుకాకుండానే ముగుస్తుంది. పైగా మొదటి సగంతోనూ ఒక చిక్కుంది. ఇక్కడ మూలం ఏదన్నదే అసలు వివాదం.

ప్రస్తుత గ్రంథం ఒక అంబాసిడర్ కారు, మార్క్ టూ. 1967లో రిజిస్టరైంది. గ్రంథకర్త హిందుస్థాన్ మోటార్స్ వారు, ముద్రణాస్థలం పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా. స్వతంత్ర రచన కాదు. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌కి యథామూలానువాదం. అనువాదమని తెలిసినా దాదాపు అరవై ఏళ్ళపాటు దేశమంతా స్వంత కావ్యంలాగే చదువుకుంది. మా ప్రతి మా పెదనాన్నది. ఆయన పోయాక పెద్దమ్మ తాళాలు నా చేతిలో పెట్టింది.

2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాలు సవరించి పాత బళ్ళకొక గౌరవం కల్పించింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు, నంబరులో 'వీఏ' అన్న రెండక్షరాలు వస్తాయి. పద్మశ్రీలాంటిదన్నమాట. షరతు ఒక్కటే. బండి పుట్టినప్పటి రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద ఎత్తున మార్చి ఉండకూడదు. మా బండికేం, అచ్చం పుట్టినప్పటిలాగే పొగ వదులుతోంది అనుకుని, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత బళ్ళకి పెట్టింది పేరైన ఒక సాయిబుగారి షెడ్డుకి తీసుకెళ్ళాను.

ఆయన బానెట్ ఎత్తారు. లోపలికి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇది దీని ఇంజను కాదు బాబుగారూ."

నేను ఇంజను మీది రేకు ప్లేటు చూపించాను. ఆర్సీ పుస్తకంలో ఉన్న నంబరూ ప్లేటు మీది నంబరూ అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే.

"ప్లేటుదేముందండీ, దాన్ని రెండు రివెట్లు కొట్టి ఎక్కడైనా పెట్టొచ్చు. బోల్టునడగండి, చెప్తుంది," అని కుర్రాణ్ణి కేకేశారు. "రేయ్, బారా తేరా తే!"

ఆ తర్వాత జరిగినదాన్ని ఒక ఆటవెలదిలో ఇమిడ్చాను. మాట సాయిబుగారిది, యతి నాది.

మూలం

ప్లేటు మార్చవచ్చు పేరును చెక్కించి
బోల్టు తలలు దాచబోవు నిజము
పదియు రెండు పట్టు పానాకు లొంగిన
నుదయభాను సీమ నుద్భవించె

ప్రతిపదార్థం

ప్లేటు = ఇంజను దిమ్మకు రివెట్లతో తాపిన నంబరు రేకును (ఇడ్లీ పెట్టేది కాదు); పేరును = ఆర్సీ పుస్తకంలో ఉన్న నామధేయాన్ని; చెక్కించి = చెక్కేవాడికి డబ్బులిచ్చి చెక్కించి; మార్చవచ్చు = ఒక దిమ్మ నుంచి మరో దిమ్మకు మార్చుకోవచ్చు (చట్టం ఒప్పదు, ఇది శక్యార్థకమేగాని అనుమత్యర్థకం కాదు); బోల్టు తలలు = బోల్టుల యొక్క తలలు అని షష్ఠీ తత్పురుషం (బోల్టువంటి తల కలవాడని బహువ్రీహి చెప్పుకుంటే షెడ్డులో కుర్రాడికి అన్వయిస్తుంది, ఇక్కడ పొసగదు); నిజము = పుట్టుపూర్వోత్తరాన్ని; దాచబోవు = దాచవు; పదియు రెండు = పన్నెండు మిల్లీమీటర్ల; పట్టు = పట్టు గల; పానాకు = స్పానరుకు (పానము చేయునది కాదు, అది సాయంత్రం సంగతి); లొంగినన్ = వదులూ బిగుతూ లేక లొంగినట్లయితే; ఉదయభాను సీమన్ = సూర్యుడు పొడిచే దేశమైన జపానులో; ఉద్భవించె = రూపు దాల్చెను.

తాత్పర్యం

ఇంజను తనను గురించి చెప్పుకునే మాటను నమ్మవద్దు. అది తెలియక చెప్పేదాన్ని వినాలి.

విశేషాలు

1. నామముద్ర

పద్యం చివర మకుటం తగిలిస్తే కర్త ఎవరో తేలిపోతుందని అమాయకులు అనుకుంటారు. వేమన పేర చెలామణిలో ఉన్న పద్యాలన్నీ ఆయనవేనని ఏ పరిష్కర్తా పూచీపడడు. మూడు పాదాలు కుదిర్చి నాలుగో పాదంగా ఆ మకుటం అంటిస్తే, ఏ ఊరి కరణం రాసిందైనా వేమన పద్యమైపోతుంది. బ్రౌన్ దొర తాళపత్రాలు పోగుచేసి పండితుల్ని కూర్చోబెట్టి పాఠాలు సరిచూపించింది ఇందుకే. మకుటం చూసి ఊరుకునేవాడైతే ఒక్క గుమాస్తా చాలును.

ఇంజను మీది ప్లేటు సరిగ్గా ఈ మకుటం. రెండు రివెట్లు ఊడదీస్తే ఒక బ్లాకుది ఇంకో బ్లాకుకి వచ్చేస్తుంది. మా బండి ప్లేటు రివెట్లలో ఒకటి గుండ్రంగా ఉంది, రెండోది చపటాగా ఉంది. రెండూ ఒకే చేతివ్రాత కావన్నమాట. ముప్ఫై ఏళ్ళుగా ఆ కారెక్కి దిగుతున్నవాణ్ణి, ఒక్కసారి గమనించలేదు.

2. 'దాచబోవు' పాఠచర్చ

ఈ పదం దగ్గర ఆటోనగర్‌లో రెండు సంప్రదాయాలున్నాయి.

మొదటి వర్గం దీన్ని వ్యతిరేక క్రియగా చెబుతుంది. 'నేను దాచబోను, అవి దాచబోవు' అన్నట్టు, బోల్టు తలలు నిజాన్ని దాచవు. సాయిబుగారిది ఈ వర్గం.

రెండో వర్గం దీన్ని 'రాబోవు' వంటి విశేషణంగా తీసుకుంటుంది. అప్పుడు 'బోల్టు తలలు దాచబోవు నిజము' అంటే బోల్టులు ఇకమీదట దాచేయబోతున్న నిజం. ఈ అర్థం తీసినవాడు పక్క షెడ్డు మేస్త్రి. ఆయన యుక్తి కూడా కొట్టిపారేసేది కాదు. ప్రతి రిపేరులోనూ ఒకటో రెండో బోల్టులు పోతాయి, వాటి స్థానంలో డబ్బాలో ఏది దొరికితే అది బిగిస్తారు. ఇలా పాతికేళ్ళు గడిస్తే ఇంజను మీద బోల్టులన్నీ డబ్బావే, బోల్టుల సాక్ష్యం చెల్లదు.

ఇది తాళపత్రాలకు పట్టిన తెగులే. రాయసగాడు అర్థంకాని మాటను తనకు తెలిసిన మాటతో సరిచేస్తాడు. అందుకే పరిష్కర్త ఒక్క ప్రతితో తృప్తిపడడు, సిద్ధాంతి ఒక్క బోల్టుతో తేల్చడు. పది బోల్టులు ఊడదీసి, చేతికందని మూలల్లోవాటికి ఎక్కువ విలువ కట్టాలి. పైకి కనబడేది ఎవడైనా మార్చి ఉంటాడు. రెండు చేతులూ దూరని చోట ఉన్నదాన్ని మార్చే ఓపిక ఎవడికీ ఉండదు. బద్ధకమే ప్రాచీన పాఠాలకు పెట్టని కోట.

3. పానా లక్షణం

ఇప్పుడు ప్రాణమర్మానికి వస్తున్నాం.

బోల్టు కాడ లావు వేరు, తల వెడల్పు వేరు. పానా పట్టేది తలను. కాడ ఎనిమిది మిల్లీమీటర్లున్న బోల్టుకి జర్మనీ వాళ్ళు పదమూడు మిల్లీమీటర్ల తల పెడతారు. జపాను కార్ల కంపెనీల్లో అదే కాడకి పన్నెండు తల. ఇంగ్లీషువాళ్ళ పాత బళ్ళలో దాదాపు ఆ లావున్న బోల్టు అంగుళాల లెక్కలో ఉంటుంది, దాని తల సరిగ్గా అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. మనిషి ఒకే లావు, తలపాగాలు మూడు.

మన మెకానిక్కులు వాడే రెండు మూతుల పానాలకి జోడు అంకెలుంటాయి. దస్-గ్యారా, బారా-తేరా, చౌదా-పంద్రా. అంకెలు ఉర్దూలోనే పలకాలి. తెలుగులో అడిగితే కుర్రాడు అనుమానంగా చూస్తాడు. ఈ జోళ్ళలో బారా-తేరా పానా మహత్తు గలది. దాని ఒక మూతి జపాను, ఇంకో మూతి జర్మనీ. నడుమ చెయ్యి మనది.

అంబాసిడర్ మార్క్ టూకి హక్కుగా ఉండాల్సింది 1489 సీసీ పెట్రోలు ఇంజను. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్ వంశం. దాని మీద బోల్టులు అంగుళాలవి. అరంగుళం తలకి బారా మూతి ఎక్కదు. తేరా మూతి ఎక్కుతుందిగాని పావు మిల్లీమీటరు పైచిలుకు వదులుంటుంది. గట్టిగా లాగితే జారి, తల మూలలు అరిగి, మెకానిక్కు వేళ్ళు చిట్లి, ఆ పైన వచ్చే మాటలు టీకలో రాయదగినవి కావు.

కుర్రాడు బారా మూతిని పెట్టాడు. మెత్తగా, ఊపిరాడనంత దగ్గరగా, పట్టు జాకెట్టులా కూర్చుంది. ఇంకో బోల్టు, అదీ అంతే. డైనమో కింద ఉన్న మూడోది తేరా. సాయిబుగారు దాని మీద వేలు పెట్టి, "ఇది మొన్న మొన్న వేసింది, వదిలెయ్," అన్నారు. ప్రక్షిప్తంలో ప్రక్షిప్తం అన్నమాట. వెనకవైపు గోడకీ ఇంజనుకీ మధ్య ఉన్న నాలుగో బోల్టు కోసం కుర్రాడు సగం ఒళ్ళు లోపలికి దూర్చాడు. "బారా!" అని లోపలి నుంచి అరుపు వినిపించింది.

4. గణవిభజన

పానా అనుమానం పుట్టిస్తుంది, కొలత నిర్ధారిస్తుంది. హెడ్డు గాస్కెట్టు ఎలాగూ మార్చాలి గనక హెడ్డు దింపాం. ఒక్క చూపుకే సగం విషయం తేలింది. బి సిరీస్‌లో కామ్‌షాఫ్టు కింద బ్లాకులో ఉండి, పుష్‌రాడ్లనే పొడుగాటి పుల్లలతో పైనున్న వాల్వుల్ని పొడుస్తుంది. వంటింట్లో ఉన్న ఇల్లాలు గరిటె కాడతో మేడమీది పిల్లల్ని లేపినట్టు. ఇక్కడ ఆ పుల్లలు లేవు. కామ్‌షాఫ్టు హెడ్డులోనే ఉండి తిరుగుతోంది. ఇల్లాలే మేడెక్కి కూర్చుంది.

ఇక కొలతలు. ఇంజను ఛందస్సులో రెండే గురులఘువులు. సిలిండరు వెడల్పు బోరు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం స్ట్రోకు. బోరును బోరుతో హెచ్చవేసి, 0.7854తో హెచ్చవేసి, స్ట్రోకుతో హెచ్చవేసి, సిలిండర్లు ఎన్నుంటే అన్నింటితో హెచ్చవేసి, కొలతలు మిల్లీమీటర్లవి గనక వెయ్యితో భాగిస్తే సీసీ వస్తుంది.

వెర్నియర్ పెడితే బోరు 84.5, స్ట్రోకు 82 వచ్చింది. లెక్క కట్టాను, 1839 సీసీ. హిందుస్థాన్ మోటార్స్ వారి కార్ల పట్టికల్లో ఆ అంకె లేదు. గణభంగం! ఆటవెలదిలో ఒక మాత్ర ఎక్కువైనట్టుంది. నేను దిగాలుపడితే సాయిబుగారు పిస్టన్ తల మీది మసి బొటనవేలితో తుడిచి చూపించారు. దాని మీద 0.50 అని ఉంది.

"బోరు చేయించారు బాబుగారూ. అరిగితే అర మిల్లీ కోసి, పెద్ద పిస్టన్ వేస్తాం. అది తీసేసి లెక్కెయ్యండి."

అంతటి సూత్రాన్ని ఆయన వక్క నమిలినంత తేలిగ్గా చెప్పేశారు. బోరు వయసుతో పెరుగుతుంది, మనిషి నడుములాగా. స్ట్రోకు క్రాంకుషాఫ్టులో పుట్టుకతో కుదిరిన కొలత, బోరు ఎన్నిసార్లు కోసినా అది మారదు. కాబట్టి మూలనిర్ణయంలో బోరుది సాక్ష్యం, స్ట్రోకుది పుట్టుమచ్చ.

అర మిల్లీ తీసేశాను. 84, 82. లెక్క 1817 సీసీ. ఈ అంకె ఉంది. జపాను ఇసుజు వారి పెట్రోలు ఇంజను.

ఇక్కడొక చమత్కారం చూడండి. పాత ఇంజను కొలతలు మిల్లీమీటర్లలో చెబితే బోరు 73.025, స్ట్రోకు 88.9. ఏమిటీ అడ్డదిడ్డపు అంకెలు, ఏ తలకాయ ఉన్నవాడైనా ఇలా గీస్తాడా అనిపిస్తుంది. అంగుళాల్లోకి మార్చండి. బోరు కచ్చితంగా రెండూ ఎనిమిదిలో ఏడు వంతుల అంగుళాలు. స్ట్రోకు కచ్చితంగా మూడున్నర. మొత్తం చక్కగా కుదిరిపోయింది. అదే కొత్తదాని 84, 82లను అంగుళాల్లోకి తోస్తే దశాంశాలు తోకల్లా వేలాడతాయి.

మనిషి ఎన్ని భాషలు నేర్చినా, నోట్లు లెక్కపెట్టేటప్పుడు పెదవులు కదిలేది తల్లిభాషలోనే. ఇంజనూ అంతే. ఏ కొలతలో అంకెలు గుండ్రంగా వస్తాయో అది దాని ఇంటిభాష. ప్లేటు మీద ఇంగ్లీషు పేరు పెట్టుకున్నా, లోపల మిల్లీమీటర్లలో లెక్కపెట్టుకుంటోంది.

పేలుడు వరస సంగతి అడుగుతారు కాబోలు. సిలిండర్లలో మంట అంటుకునే వరస పాత ఇంజనుకి 1-3-4-2. కొత్తదానికీ 1-3-4-2. కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఛందస్సు ఒకటైనంత మాత్రాన కవి ఒకడు కానక్కర్లేదు. లేకపోతే పై పద్యమూ వేమనదే అయి ఉండును.

5. అలంకారం

సాయిబుగారు 'ఇది దీని ఇంజను కాదు' అన్న మాటలో అపహ్నుతి. ఉన్నదాన్ని కాదని వేరొకటి నిలబెట్టడం దాని లక్షణం. ఇన్నేళ్ళుగా దీన్ని దాననుకుంటూ తిరిగిన నాలో భ్రాంతిమంతం. బానెట్ కింద మూడు వేళ్ళ మందాన గ్రీజు పేరుకుని ఉంటే అన్ని ఇంజన్లూ ఒకేలా ఉంటాయి గనక, ఆ గ్రీజుది మీలనం.

6. ప్రక్షిప్త నిర్ణయం

అతుకు వేసినవాడు ఎంత నేర్పరైనా కుట్టు కనబడుతుంది. ఈ కారు పుట్టినప్పుడు గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండేది. అందుకే ముందు సీటు బెంచీలా ఉండి ముగ్గురు కూర్చునేవాళ్ళు. మా బండికి గేరు నేలమీద ఉంది. దీనికి మా ఇంట్లో ఒక స్థలపురాణం ఉంది. స్టీరింగు గేరు లాగలేక భుజం పట్టేసిందని, అందుకే కిందికి పెట్టించానని పెదనాన్న చెప్పేవాడు. మేం నమ్మాం. ఐదో గేరు ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. భుజంనొప్పికి నాలుగు గేర్లు చాలవా?

కార్పెట్టు ఎత్తితే నేల రేకును కోసిన జాడ. కింద ప్రొపెల్లర్ షాఫ్టుకి చుట్టూ వెల్డింగు ఉంగరం. ఇంజను పాదాలు కూర్చోడానికి ఛాసిస్ మీద కొత్తగా అతికిన చెవులు. వాటిలో ఒకదాని చాటున, కిరసనాయిలు పోసి గీకితే, బ్లాకు మీద కొట్టిన అక్షరాలు పైకి తేలాయి. 4జెడ్‌బీ1. మొదటి అంకె సిలిండర్ల లెక్క.

"ముందే ఇక్కడ గీకి ఉంటే పోయేది కదా సాయిబుగారూ?"

"ఎక్కడ గీకాలో తెలిసేది ఇప్పుడే కదండీ."

7. పూర్వపక్షం, సిద్ధాంతం

ఇసుజు ఇంజను అని తేలింది. కానీ ఏ ఇంటి నుంచి వచ్చింది? ఈ 1817 సీసీ ఇంజనుని హిందుస్థాన్ మోటార్స్ ముందు తన కాంటెస్సా క్లాసిక్ కారులో వేసింది, తర్వాత అంబాసిడర్‌కే 1800 ఐఎస్‌జెడ్ అనే అవతారం ఎత్తించింది. ఇంజన్ల తయారీ మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో. పద్యంలో 'జన్మించె' అనక 'ఉద్భవించె' అనడంలో కవి జాగ్రత్త ఇదే. రూపు దిద్దుకున్నది ఉదయభాను సీమలో. పోతపోసుకుని నేలమీద పడింది ఇండోరు దగ్గర. ఉద్భవం ఒకచోట, ప్రసవం ఇంకోచోట. తొలికాన్పు పుట్టింట్లో జరిగినట్టే.

పక్క షెడ్డు మేస్త్రి పూర్వపక్షం: ఐఎస్‌జెడ్ అంబాసిడర్‌దే కావాలి, ఒకే జాతి బండిలోంచి ఒకే జాతి బండిలోకి మార్చడం సులభం. సాయిబుగారి ఆక్షేపం: అలాగైతే ఛాసిస్ మీద చెవులు కొలత ప్రకారం ఫ్యాక్టరీ వాటిలా ఉండాలిగా, ఇవి ఎవరో చేత్తో కోసి, కంటితో కొలిచి, దేవుడిమీద భారం వేసి అతికినవి. చూసి వేయడానికి ఇంకా నమూనా లేని రోజుల్లో చేసిన పని.

ఇద్దరూ సాయంత్రం దాకా తేల్చలేదు. టీ రెండుసార్లొచ్చింది. మూలం ఎవరికి కావాలి, వాదం బాగుంది.

8. కవిహృదయం

రాత్రి ఇంటికొచ్చి పెద్దమ్మకి ఈ మహా పరిశోధన అంతా వినిపించాను. బారా పానా, పుట్టుమచ్చ, మూడున్నర అంగుళాలు, అన్నీ. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది.

"అది కాంటెస్సాదిరా."

నేను చేతిలో కాగితం కింద పెట్టాను.

"శ్రీశైలం ఘాట్లో నీళ్ళు మరిగిపోయి పాతదానికి దిమ్మ చిట్లింది. ఎక్కడో గుద్దుకున్న కాంటెస్సా ఉందంటే ఇంజనూ గేర్లూ కలిపి తెచ్చాడు. నా నాలుగు పేటల గొలుసు దాని కిందే పోయింది."

"మరి ప్లేటు?"

"పాత ప్లేటు పీకి దీనికి కొట్టించాడు. మీ తాతగారు కొనిచ్చిన బండి కదా. ఇంజను పోతే పోయిందిగాని, పేరు పోకూడదన్నాడు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం పెద్దమ్మా?"

"ఎవడైనా అడిగితే కదా."

ఇదీ కవిహృదయం. టీకాకారులు నాలుగు పుటలు వెతికేది కవి భార్యకి మొదటినుంచీ తెలిసే ఉంటుంది. మల్లినాథుడికి కాళిదాసు ఇంటి చిరునామా తెలిసి ఉంటే సాహిత్యానికి ఎంత నష్టం జరిగేదో ఊహించుకోండి.

కాంటెస్సా తర్వాతగాని కంపెనీ అంబాసిడర్‌లో ఈ ఇంజను వేయలేదు గనక, సాయిబుగారి 'నమూనా లేని రోజులు' అన్న ఊహ నిలిచింది. మా పెదనాన్న చాటుగా చేసిన ప్రక్షిప్తాన్నే ఉత్తర్‌పాడా వారు తరువాతి ముద్రణలో మూలంలో కలిపి అచ్చువేశారన్నమాట.

9. వంశానుచరితం

అయినా పరాయి ఇంజనే కదా, జాతి చెడింది కదా అని శంక. దీనికి సమాధానం వంశవృక్షంలో ఉంది.

ఇసుజు అన్నది నది పేరు. జపానులోని ఇసే మహాక్షేత్రం పక్కగా పారుతుంది. ఆ పేరు రాసే అక్షరాలకు అర్థం యాభై మువ్వలు. మా బండి బానెట్ కింద వచ్చే చప్పుడుకు వ్యుత్పత్తి ఇన్నాళ్ళకు దొరికింది. ఈ నది పేరు పెట్టుకోకముందు ఆ సంస్థకి మూలపురుషుడు టోక్యోలో ఇషికావాజిమా అనే ఓడల కంపెనీ. అది కార్లు కట్టడం ఎవరి దగ్గర నేర్చుకుంది? 1918లో ఇంగ్లండులోని వూల్జ్‌లీ అనే సంస్థతో ఒప్పందం రాసుకుని, 1922లో మొదటి వూల్జ్‌లీ కారు జపానులో తయారుచేసింది.

ఈ వూల్జ్‌లీ ఎవరు? దివాలా తీస్తే 1927లో దాన్ని కొనుక్కున్నవాడు విలియం మోరిస్. మన అంబాసిడర్‌కి మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఆ మోరిస్ పేరుదే. ఇక పాత ఇంజను బి సిరీస్ సంగతి. దాని మూలం ఆస్టిన్ కంపెనీ నమూనాల్లో ఉంది. 1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసిపోయాయి గనక అది మోరిస్ బళ్ళకీ వచ్చింది. ఆ ఆస్టిన్‌ని స్థాపించిన హెర్బర్ట్ ఆస్టిన్, 1905లో సొంత కొట్టు పెట్టుకోక ముందు ఎక్కడ పనిచేశాడు? వూల్జ్‌లీలో. ఆ కంపెనీని నడిపింది ఆయనే.

అంటే పోయిన ఇంజను వూల్జ్‌లీ ఇంట్లోంచి వేరుపడిన కొడుకు సంతానం. వచ్చిన ఇంజను అదే ఇంటి దగ్గర విద్య నేర్చి దూరదేశం వెళ్ళిన శాఖ. బండి పేరేమో ఆ ఇంటినే కొనుక్కున్నవాడిది.

ఇదంతా కాగితం మీద గీసి పెద్దమ్మకి చూపించాను. ఆవిడ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, వేలితో గీతలమ్మట పోయి, పైన కలిసిన చోట ఆగింది.

"మేనరికమే కదురా. దీనికింత రాద్ధాంతమా?"

10. ఫలశ్రుతి

మేనరికానికి ఆచారం ఒప్పుకున్నా మోటారు వాహనాల నియమాలు ఒప్పుకోవు. వీఏ అక్షరాల మీద ఆశ వదులుకున్నాను. 1988 చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చిన సంగతి ఆర్సీలో ఎక్కించాలి. ఆ దరఖాస్తు నింపుతూ 'ఇంజను నంబరు' అన్న గడి దగ్గర చెయ్యి కొంచెంసేపు ఆగింది. పెదనాన్న పాతికేళ్ళు కాపాడిన అబద్ధాన్ని ఒక్క గీతతో చెరిపేయాలి మరి. తర్వాత, కిరసనాయిలు పోసి గీకితే బయటపడ్డ నంబరు రాశాను.

సాయిబుగారు హెడ్డు బిగించి, ప్లేటు ఊడదీసి నా చేతికిచ్చారు. రివెట్లు రెండూ వేరువేరువని నేను చూపించబోతే, "గుండ్రంగా ఉన్నది కంపెనీది బాబుగారూ, చపటాది మా నాన్నది," అన్నారు.

ఆ ప్లేటు ఇప్పుడు పెదనాన్న ఫొటో పక్కన మేకుకి వేలాడుతోంది. మేకు కొడుతుంటే పెద్దమ్మ గోడ చిట్లుతుందేమోనని కేకలేసింది.

టీక సమాప్తం. స్టార్టు చేస్తే యాభై మువ్వలూ మోగాయి.